ఎనిమిది వరుసల గ్రాఫీన్ రిబ్బను: ఎలక్ట్రాన్ ప్రయాణాన్ని సొంత ల్యాప్‌టాప్ మీద లెక్క కట్టడం ఎలా?

గ్రాఫీన్ మీద ప్రయోగం చేయాలంటే ధూళి లేని శుద్ధి గది కావాలి, ఎలక్ట్రాన్ పుంజంతో నానోమీటర్ల గీతలు గీసే యంత్రం కావాలి, సున్నా కెల్విన్ దగ్గరికి చేర్చే శీతల యంత్రం కావాలి. అమలాపురం నుంచి నరసాపురం దాకా మన గోదావరి డెల్టా కళాశాలల్లో భౌతికశాస్త్రం ఎమ్మెస్సీ చదివే పిల్లలకు ఇవి అందేవి కావు. ఆ యంత్రాలు కొలిచే వాహకత్వాన్ని లెక్క కట్టడానికి మాత్రం 8 గిగాబైట్ల ల్యాప్‌టాప్, పైథాన్, దానిలో మాత్రికల లెక్కలు చేసే నంపై, ఒక గ్రాఫు కాగితం, పదునైన పెన్సిలు చాలు. మాత్రికల గుణకారం, విలోమం, ఐగెన్ విలువలు తెలిసిన ఎవరైనా ఈ పని చేయగలరు.

క్వాంట్ అనే ఉచిత పైథాన్ ప్యాకేజీ ఒకటుంది, 2014 నుంచి ప్రపంచమంతా వాడుతున్నారు. పది పదిహేను వరుసల్లో ఈ లెక్కంతా చేసి పెడుతుంది. నేను మాత్రం ప్రాజెక్టు విద్యార్థులను మొదటే దాని జోలికి పోనివ్వను. ఎనిమిది వరుసల రిబ్బనును (సన్నగా, పొడవుగా కోసిన గ్రాఫీన్ పీలికను) సొంతంగా లెక్క కట్టిన తర్వాతే క్వాంట్‌ను తెరవాలి. లేకపోతే గ్రాఫు అందంగా వస్తుంది కానీ, వైవాలో అడిగిన మొదటి ప్రశ్నకే నోరు పెగలదు.

లెక్కకు ముందు తెలియవలసినవి

గ్రాఫీన్ అంటే ఒకే అణువు (ఇక్కడ అణువంటే పరమాణువు, ఆటమ్) మందం ఉన్న కార్బన్ పొర. షడ్భుజుల జాలకం, పక్కపక్క అణువుల మధ్య దూరం 0.142 నానోమీటర్లు. ప్రతి అణువుకూ ముగ్గురు ఇరుగుపొరుగు. నాలుగు బాహ్య ఎలక్ట్రాన్లలో మూడు బంధాలకే సరిపోతాయి, మిగిలిన ఒక్కటి అణువు నుంచి అణువుకు దూకుతూ ఉంటుంది. ఆ దూకుడు శక్తి సుమారు 2.7 ఎలక్ట్రాన్ వోల్టులు. ఈ లెక్కకంతటికీ ఆధారం ఆ ఒక్క సంఖ్యే. వాలెస్ 1947లోనే దీని శక్తి పట్టీలను (ఎలక్ట్రాన్లకు అనుమతి ఉన్న శక్తులను) కాగితం మీద లెక్కించాడు. మాంచెస్టర్‌లో గైమ్, నోవోసెలోవ్ గ్రాఫైట్ నుంచి జిగురు టేపుతో పొరను విడదీసింది 2004లో, నోబెల్ బహుమతి వచ్చింది 2010లో. అంటే ఈ పదార్థం విషయంలో కాగితం ప్రయోగశాల కంటే అర్ధ శతాబ్దం ముందు నడిచింది.

ఇక వాహకత్వం. తీగ పొడవు రెట్టింపైతే నిరోధం రెట్టింపవుతుందని ఇంటర్మీడియట్‌లో చదివిన సూత్రం ఇక్కడ చెల్లదు. ఎలక్ట్రాన్ ఎక్కడా ఢీకొనకుండా ఇటునుంచి అటు దాటిపోయేంత చిన్న నిర్మాణంలో లెక్క వేరు. గోదావరికి ఎంత వరద వచ్చినా ధవళేశ్వరం బ్యారేజీ దిగువకు పోయే నీటిని తేల్చేది 175 గేట్లలో ఎన్ని ఎత్తారన్నదే కదా. రోల్ఫ్ లాండవర్ 1957లో చెప్పిన విషయం ఇంచుమించు అదే: రిబ్బనులో ఆ శక్తి దగ్గర ఎన్ని దారులు తెరుచుకున్నాయి, ఒక్కో దారిలో తరంగం అవతలికి దాటే సంభావ్యత ఎంత అన్నవే వాహకత్వాన్ని నిర్ణయిస్తాయి. పూర్తిగా తెరుచుకున్న ఒక్క దారి విలువ, ఎలక్ట్రాన్ ఆవేశపు వర్గాన్ని రెట్టింపు చేసి ప్లాంక్ స్థిరాంకంతో భాగిస్తే వచ్చేది: 77.5 మైక్రోసీమెన్లు. నిరోధంగా చెబితే 12.9 కిలో ఓములు. గాలియం ఆర్సెనైడ్‌లోని సన్నని ఇరుకుల్లో వాహకత్వం సరిగ్గా ఈ మెట్ల ప్రకారం పెరగడాన్ని 1988లో రెండు బృందాలు, ఒకటి నెదర్లాండ్స్‌లో, ఒకటి ఇంగ్లండ్‌లో, విడివిడిగా చూపించాయి.

మొదటి అడుగు: ముక్కను గీయండి

కంప్యూటర్ తెరవకండి. గ్రాఫు కాగితం మీద ఆర్మ్‌చెయిర్ అంచు (చేతుల కుర్చీ ఆకారంలో మెలికలు తిరిగే అంచు) ఉన్న రిబ్బనును గీయండి. రిబ్బను పొడవును అడ్డంగా పెట్టుకుంటే, అడ్డగీతల్లాంటి బంధాలు ఒకదాని కింద ఒకటి వరుసలుగా కనిపిస్తాయి. ఆ వరుసలను పైనుంచి కిందికి 1 నుంచి 8 దాకా అంకెలు వేయండి. వరుసకూ వరుసకూ మధ్య 0.123 నానోమీటర్లు, కాబట్టి ఎనిమిది వరుసల వెడల్పు 0.86 నానోమీటర్లు. పొడవునా 0.426 నానోమీటర్లకు ఒకసారి నమూనా మళ్లీ మొదలవుతుంది. ఆ ఒక్క ఆవృత్తే మన ముక్క. అందులో వరుసకు రెండు చొప్పున 16 అణువులు.

బేసి వరుసల అడ్డబంధం ముక్క మధ్యలో పడేలా సరిహద్దులు గీయండి. అప్పుడు సరి వరుసల అడ్డబంధాలు సరిహద్దు దాటి పక్క ముక్కలోకి వెళతాయి. ఇప్పుడు పెన్సిలుతో లెక్కపెట్టండి: బేసి వరుసల అడ్డబంధాలు 4, పక్కపక్క వరుసలను కలిపే వాలు బంధాలు 14, మొత్తం ముక్క లోపల 18. పక్క ముక్కకు వెళ్లేవి 4. సరిచూసుకోవడానికి ఇంకో దారి కూడా ఉంది. 16 అణువులకు మూడేసి బంధాలైతే 48 కొసలు. అంచున ఉన్న నాలుగు అణువులకు ఒక్కోటి తక్కువ కాబట్టి 44. బంధానికి రెండు కొసలు, అంటే 22. 18, 4 కలిపితే అదే. ఈ లెక్క కుదరకపోతే బొమ్మ తప్పు, రెండో అడుగు వేయకండి.

రెండో అడుగు: జవాబును ముందే రాసి పెట్టుకోండి

ప్రోగ్రాం ఏం చెప్పాలో ప్రోగ్రాం రాయకముందే మనకు తెలిసి ఉండాలి. ఆర్మ్‌చెయిర్ రిబ్బనుకు ఆ సౌకర్యం ఉంది. ఒక్కో శక్తి పట్టీ సున్నాకు అతి దగ్గరగా వచ్చే చోటును కాలిక్యులేటర్‌తోనే కనుక్కోవచ్చు:

శక్తి = 2.7 × (1 + 2 × కోణం కొసైన్)

కోణం 180 డిగ్రీలను వరుసల సంఖ్యకు ఒకటి కలిపిన దానితో భాగిస్తే వచ్చేది, దాని గుణిజాలు. ఎనిమిది వరుసలకు 180ని 9తో భాగించాలి: 20, 40, 60 అలా 160 డిగ్రీల దాకా. 120 డిగ్రీల కొసైన్ −0.5 కాబట్టి కుండలీకరణంలో సరిగ్గా సున్నా. శక్తి అంతరం (ఎలక్ట్రాన్‌కు దారే లేని శక్తుల ఖాళీ) లేదు, రిబ్బను లోహం. తర్వాత 140 డిగ్రీలకు 1.44 ఎలక్ట్రాన్ వోల్టులు, 100 డిగ్రీలకు 1.76, 160 డిగ్రీలకు 2.37 వస్తాయి (గుర్తు వదిలేయండి, పరిమాణమే కావాలి). అంటే సున్నా నుంచి 1.44 దాకా ఒక్క దారి, అక్కడి నుంచి 1.76 దాకా రెండు, ఆ పైన మూడు.

ఏడు వరుసలకు ఇదే చేయండి. 180ని 8తో భాగిస్తే 22.5. గుణిజాల్లో 120 లేదు. దగ్గరగా ఉన్నది 112.5, దానికి 0.63 ఎలక్ట్రాన్ వోల్టులు. సున్నాకు ఇరుపక్కలా అంతే కాబట్టి అంతరం 1.27. ఒక్క వరుస తీసేస్తే లోహం కాస్తా అర్ధవాహకం అయింది! వరుసల సంఖ్యను 3తో భాగిస్తే శేషం 2 వచ్చినప్పుడే లోహం, లేకపోతే అర్ధవాహకం. 5, 8, 11 ఒక జాతి, మిగిలినవి మరొక జాతి.

ఏడు వరుసల రిబ్బను కాగితానికే పరిమితమైన వస్తువు కాదు. 2010లో ఫాసెల్, ముల్లెన్ బృందాలు బంగారం ఉపరితలం మీద చిన్న అణుసముదాయాలను రసాయనికంగా అతికిస్తూ అచ్చంగా ఏడు వరుసలు ఉండేలా పెంచాయి. బంగారం మీదే దాని అంతరాన్ని కొలిస్తే సుమారు 2.3 ఎలక్ట్రాన్ వోల్టులు వచ్చింది. మన 1.27 ఎక్కడ, 2.3 ఎక్కడ? ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకోవడం మన నమూనాలో లేదు. అందుకే ఈ పద్ధతి ఇచ్చే అంతరాల పరిమాణాన్ని కాక, వాటి తీరును నమ్మాలని నా అభిప్రాయం.

మూడో అడుగు: రెండు మాత్రికలు

ముక్క లోపలి బంధాలకు ఒకటి, పక్క ముక్కతో సంధికి ఒకటి. రెండూ 16 × 16. బంధం ఉన్న చోట −2.7, లేని చోట సున్నా. లోపలి మాత్రికలో సున్నా కానివి 36 ఉండాలి (18 బంధాలు, రెండు దిశలు), సంధి మాత్రికలో 4 మాత్రమే. లోపలి మాత్రిక, సంధి మాత్రిక, సంధి మాత్రికను తిరగేసినది (అంటే సంయుగ్మ వ్యత్యయం), ఈ మూడింటినీ కూడి ఐగెన్ విలువలు అడగండి. రెండు సున్నాలు, ±1.44, ±1.76 కనిపిస్తే మీ మాత్రికలు సరిగ్గా ఉన్నాయి.

నాలుగో అడుగు: అంతం లేని కొసలు

కొలవవలసిన రిబ్బనుకు ఎడమన, కుడిన అదే రిబ్బను అనంతంగా సాగుతుందనుకుంటాం. అనంతమైన మాత్రికను ఎవరూ విలోమం చేయలేరు కనుక, ఆ కొస ప్రభావమంతా 16 × 16 మాత్రికలోకి దించాలి. దాని పేరు స్వీయశక్తి. దానికి ముందు కొస ఉపరితలపు గ్రీన్ ప్రమేయం (ఒక చోటి ఎలక్ట్రాన్ తరంగం మరో చోటికి ఎంతగా చేరుతుందో చెప్పే మాత్రిక) కావాలి. లోపెజ్ సాంచో బృందం 1985లో ప్రచురించిన పద్ధతినే వాడండి. ప్రతి చుట్టుకూ మధ్యలో ఉన్న ముక్కలను తొలగిస్తూ పొడవును రెట్టింపు చేస్తుంది, అందుకే 20 చుట్లకు పది లక్షల ముక్కల పొడవు దాటుతుంది. ఒక్కో ముక్కను అతికిస్తూ పోయే పాత పద్ధతి పెట్టుకుంటే సాయంత్రం దాకా కూర్చోవలసిందే.

ఎడమ కొస స్వీయశక్తి = తిరగేసిన సంధి × ఎడమ ఉపరితల గ్రీన్ × సంధి. కుడి వైపు తిరగేయడం అటూ ఇటూ మారుతుంది: సంధి × కుడి ఉపరితల గ్రీన్ × తిరగేసిన సంధి. ఈ తేడాను పెద్ద అక్షరాలతో గోడకు అతికించుకోండి.

శక్తికి ఒక అతిచిన్న కల్పిత సంఖ్యను కలపాలి, లేకపోతే విలోమం పేలిపోతుంది. ఎంత చిన్నది అన్నది ఆరో అడుగులో తేలుతుంది. ప్రస్తుతానికి ఎలక్ట్రాన్ వోల్టులో పది లక్షల వంతు పెట్టండి.

ఐదో అడుగు: ముక్క ముక్కగా దాటడం

100 నానోమీటర్ల రిబ్బను అంటే 235 ముక్కలు. ఎనిమిది వరుసలకైతే మొత్తాన్ని ఒకే మాత్రికగా పెట్టినా ల్యాప్‌టాప్ మోస్తుంది. అదే 83 వరుసలు, అంటే పది నానోమీటర్ల వెడల్పు తీసుకుంటే 39 వేల అణువులు, ఒక్క మాత్రికకే 24 గిగాబైట్ల జ్ఞాపకం కావాలి. కాబట్టి ఎడమ కొసతో మొదలుపెట్టి ఒక్కో ముక్కను చేర్చుకుంటూ పోవాలి: కొత్త ముక్క గ్రీన్ ప్రమేయం = (శక్తి − లోపలి మాత్రిక − తిరగేసిన సంధి × పాత ముక్క గ్రీన్ × సంధి) మొత్తానికి విలోమం. ప్రతి ముక్క దగ్గరా మొదటి ముక్క నుంచి అక్కడి దాకా వచ్చే గ్రీన్ ప్రమేయాన్ని గుణించుకుంటూ దాచండి. చివరి ముక్కలో కుడి స్వీయశక్తిని కూడా తీసివేస్తే పని పూర్తయింది. 83 వరుసలకైనా చేతిలో ఉండేది 166 × 166 మాత్రికే, 440 కిలోబైట్లు.

గామా మాత్రిక అంటే స్వీయశక్తి నుంచి దాని సంయుగ్మ వ్యత్యయాన్ని తీసివేసి, కల్పిత ప్రమాణంతో గుణించినది. ఎడమ గామా, గ్రీన్, కుడి గామా, గ్రీన్ సంయుగ్మ వ్యత్యయం: నాలుగింటినీ ఆ దిశకు తగిన వరుసలో గుణించి, వికర్ణంలోని సంఖ్యలను కూడితే ప్రసరణ (అన్ని దారుల్లో దాటే సంభావ్యతల మొత్తం) వస్తుంది. దాన్ని 77.5తో గుణిస్తే మైక్రోసీమెన్లలో వాహకత్వం.

ఆరో అడుగు: పూర్ణాంకాలు రావాలి

ఈ మార్గదర్శిలో అసలైన అడుగు ఇదే. లోపం లేని రిబ్బనుకు 0.05 నుంచి 2 ఎలక్ట్రాన్ వోల్టుల దాకా ప్రసరణను గీయండి. 1, 1, 1... 1.44 దాటగానే 2, 1.76 దాటగానే 3. మెట్టు అంచున తప్ప మరెక్కడా దశాంశం కనబడకూడదు. 0.98 వచ్చినా అది తప్పే. "దగ్గరగానే ఉంది కదా సార్" అన్న మాట నా దగ్గర చెల్లదు. ఆ రెండు శాతం వెనుక ఎక్కడో తప్పు దాక్కుని ఉంటుంది, రేపు లోపాలున్న రిబ్బను గీసినప్పుడు అదే భౌతికశాస్త్రం వేషం కట్టుకుని వస్తుంది.

తప్పులకు కూడా ముఖాలుంటాయి, చూడగానే గుర్తుపట్టవచ్చు. ఒక విద్యార్థిని తెచ్చిన గ్రాఫులో మెట్లన్నీ సరైన శక్తుల దగ్గరే ఉన్నాయి, ఎత్తులు మాత్రం 0.25, 0.5, 0.75.

"సార్, రిబ్బనులో ఏదో అడ్డం ఉన్నట్టుంది."

"అడ్డం ఉంటే అన్ని మెట్లూ సరిగ్గా నాలుగో వంతు అవుతాయా అమ్మా? గామా ఎలా రాశావు?"

స్వీయశక్తి కల్పిత భాగాన్ని తీసుకుంది కానీ రెండుతో గుణించలేదు. గామా రెండు చోట్ల వస్తుంది, రెండూ సగమైతే గుణకారం నాలుగో వంతు. మెట్లు ఉన్న చోటే ఉండి ఎత్తులు ఒకే నిష్పత్తిలో తగ్గితే ముందు గామానే అనుమానించండి.

మెట్లు చెదిరిపోయి, శక్తిని బట్టి ఎగుడుదిగుడుగా 0.4, 0.9, 1.6 అని వస్తుంటే ఎడమ కుడి సంధులు తారుమారైనట్టే. గోడ మీది కాగితం చూడండి. 1.44 దగ్గర రావలసిన మెట్టు వేరే చోట వస్తే మూడో అడుగులో ఏదో ఒక బంధం పోయింది.

పొడవు పెంచే కొద్దీ ప్రసరణ కొద్దికొద్దిగా కరిగిపోతుంటే, ఆ కల్పిత సంఖ్య పెద్దదైంది. దాన్ని రిబ్బను లోపలా పెడితే ఎలక్ట్రాన్లను మింగేసే మందులా పనిచేస్తుంది. వెయ్యో వంతు ఎలక్ట్రాన్ వోల్టు పెట్టారనుకోండి, సున్నా దగ్గరి దారిలో 100 నానోమీటర్లు దాటేసరికి 1 కాస్తా 0.7 అవుతుంది. పది లక్షల వంతు పెడితే 0.9997 దగ్గర నిలుస్తుంది. కొసల్లో మాత్రమే ఉంచి రిబ్బను లోపల తీసేయడం ఇంకా మేలు.

ఏడో అడుగు: అంచు బంధాలు

అంచున ఉన్న కార్బన్లకు అవతల ఎవరూ లేరు కాబట్టి అక్కడి అడ్డబంధాలు బిగుసుకుంటాయి. సన్, కోహెన్, లూయీ 2006లో చేసిన గణన ప్రకారం ఆ బంధం 3.5 శాతం కురచ, దూకుడు శక్తి 12 శాతం ఎక్కువ. మొదటి వరుస, ఎనిమిదో వరుస అడ్డబంధాలను 2.7కు బదులు 3.02 చేయండి. ఒకటి ముక్క లోపలి మాత్రికలో ఉంటుంది, మరొకటి సంధి మాత్రికలో (8 సరి సంఖ్య కదా). చాలామంది ఈ రెండోదాన్ని మరచిపోతారు. లోహం అనుకున్న రిబ్బనులో ఇప్పుడు సున్నా చుట్టూ సుమారు 0.2 ఎలక్ట్రాన్ వోల్టుల అంతరం తెరుచుకుంటుంది. కచ్చితంగా లోహం అనదగ్గ ఆర్మ్‌చెయిర్ రిబ్బను లేదన్నది ఆ ముగ్గురి ఫలితం.

ఎనిమిదో అడుగు: చిరిగిన అంచులు

ప్రయోగశాలలో చెక్కిన రిబ్బను అంచులు ఇంత నున్నగా ఉండవు. హాన్, ఓజిల్మాజ్, ఝాంగ్, ఫిలిప్ కిమ్ 2007లో పదుల నానోమీటర్ల వెడల్పున్న రిబ్బన్లను కొలిచారు. అంతరం వెడల్పు తగ్గే కొద్దీ పెరిగింది కానీ, రిబ్బనును ఏ దిశలో కోశారన్న దానితో సంబంధం కనబడలేదు. మన శేషం 2 సూత్రం ఎక్కడికి పోయింది? అంచు గరుకుతనమే దాన్ని మింగేసింది.

అంచు అణువులను కొన్నింటిని యాదృచ్ఛికంగా తీసేయండి. మాత్రిక పరిమాణం మార్చనక్కరలేదు, ఆ అణువు బంధాలను సున్నా చేస్తే చాలు. ఒకే బంధంతో వేలాడుతూ మిగిలే అణువును కూడా తీసేయాలి. ఇప్పుడు ప్రసరణ ఒక్కో నమూనాకు ఒక్కోలా ఉంటుంది, కాబట్టి వందల నమూనాల సగటు కావాలి. పొడవైన రిబ్బనులో ప్రసరణను నేరుగా సగటు తీయవద్దు. అదృష్టవశాత్తు తెరుచుకున్న రెండు మూడు నమూనాలే సగటును లాగేస్తాయి. ప్రసరణ లాగరిథమ్‌ను సగటు తీసి, దాన్ని పొడవుకు ఎదురుగా గీయండి. సరళరేఖ దిగుతూ వస్తే ఎలక్ట్రాన్ చిక్కుబడిపోయిందని, ఆ వాలు ఎంత దూరంలో చిక్కుబడిందో చెబుతుందని అర్థం.

ఈ లెక్క రాత్రంతా నడుస్తుంది. మన దగ్గర మే నెల ఎండకూ, అక్టోబరు తుపానుకూ కరెంటు ఎలా పోతుందో వేరే చెప్పనక్కరలేదు. ప్రతి నమూనా పూర్తి కాగానే ఫలితాన్ని, యాదృచ్ఛిక సంఖ్యల బీజాన్ని ఫైలులో ఒక పంక్తిగా రాసేయండి. కరెంటు వచ్చాక ఆగిన చోటి నుంచే అందుకోవచ్చు.

జిగ్‌జాగ్, అయస్కాంత క్షేత్రం

జిగ్‌జాగ్ అంచుకు (రంపపు పళ్లలా ఉండే అంచుకు) కొత్త ముక్క గీసి అవే అడుగులు వేయండి. మెట్లు 1, 3, 5 అని బేసి సంఖ్యల్లో రావాలి. సున్నా శక్తి దగ్గర అంచునే అంటిపెట్టుకుని ఉండే స్థితులను ఫుజితా బృందం 1996లో వివరించింది. సరిగ్గా సున్నా దగ్గర లెక్క అడగవద్దు, విలోమం మొరాయిస్తుంది. 0.001 దగ్గర మొదలుపెట్టండి.

అయస్కాంత క్షేత్రానికి దూకుడు శక్తిని ఒక కోణంతో తిప్పితే చాలు. షడ్భుజి చుట్టూ తిరిగి వస్తే మొత్తం కోణం, ఆ షడ్భుజిలోని అభివాహాన్ని 4.136 × 10⁻¹⁵ వెబర్లతో భాగించి 360 డిగ్రీలతో గుణించినంత ఉండాలి. షడ్భుజి వైశాల్యం 0.0524 చదరపు నానోమీటర్లే కాబట్టి 10 టెస్లాలకు ఆ కోణం డిగ్రీలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. వెడల్పు దిశలో మాత్రమే మారేలా కోణాన్ని ఎంచుకుంటే ముక్కలన్నీ ఒకేలా ఉంటాయి. ఎనిమిది వరుసలతో మాత్రం ఏమీ కనబడదు. 10 టెస్లాల దగ్గర ఎలక్ట్రాన్ చుట్టు తిరగడానికి 8 నానోమీటర్ల స్థాయి జాగా కావాలి, రిబ్బను అంతకు ఎన్నో రెట్లు ఉండాలి. 407 వరుసలు, అంటే 50 నానోమీటర్లు తీసుకోండి. మెట్లు ఇప్పుడు 1, 3, 5 అవుతాయి, మొదటిది దాటేది 0.1 ఎలక్ట్రాన్ వోల్టు దగ్గర. 2005లో మాంచెస్టర్, కొలంబియా బృందాలు గ్రాఫీన్ హాల్ కొలతల్లో చూసిన 2, 6, 10 వరుస ఇదే, స్పిన్ రెండింతలను విప్పి రాస్తే.

ఉష్ణోగ్రత చివరికి వదిలిపెట్టాను, ఎందుకంటే సులువు. ప్రసరణ గ్రాఫును ఫెర్మి ప్రమేయపు (ఆ ఉష్ణోగ్రతలో ఒక్కో శక్తి స్థితి ఎలక్ట్రాన్‌తో నిండి ఉండే సంభావ్యత) వాలుతో సగటు చేస్తే సరిపోతుంది. 37 డిగ్రీల గదిలో ఆ సగటు వెడల్పు సుమారు 0.09 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎనిమిది వరుసల రిబ్బను మెట్లు 0.3 దూరంలో ఉంటాయి కాబట్టి గుండ్రబడినా నిలబడతాయి. 83 వరుసలకు మొదటి మెట్టే 0.17 దగ్గర వస్తుంది కనుక మెట్టు కాస్తా వాలుగా మారుతుంది. గది వేడికి అణువులు కంపించి ఎలక్ట్రాన్‌ను చెదరగొట్టడం ఈ సగటులో లేదు. నివేదికలో గది ఉష్ణోగ్రత గ్రాఫు పెడితే దాని కిందే ఆ మాట రాయండి.